ఆ పిల్ల వెళ్ళిపోతుందట

నేను ఎవరినీ తొందరగా నమ్మను. చిన్నప్పుడూ అంతే. హాస్టల్లో ఎవరైనా పిలిచి చేగోడీ పెడితే, బదులుగా ఏం అడుగుతుందోనని ముందు ఆలోచించి తర్వాత తినేదాన్ని.

తొంభైల చివర్లో అరకు దగ్గర ఒక మిషన్ స్కూల్లో పదో తరగతి చదివాను. చర్చి వెనక సిమెంటు బాస్కెట్‌బాల్ కోర్టు ఉండేది. జట్టులో బంతి అందించే పని నాది, బుట్టలో వేసే పని పై కొండ మీది ఊరి నుంచి వచ్చిన ఓ పిల్లది. నాకన్నా జానెడు పొడుగు. బంతి తన చేతిలో పడితే మిగతాది మేం చూసుకోనక్కర్లేదు.

దసరా సెలవులయ్యాక పుకార్లు మొదలయ్యాయి. తనను హైదరాబాదు స్పోర్ట్స్ హాస్టల్ వాళ్ళు పట్టుకుపోతున్నారట. కాదట, విశాఖలో ఏదో పెద్ద స్కూలు ఫీజులన్నీ కట్టి లాక్కుంటోందట. వంటామె ఒకటి చెప్తే వాచ్‌మన్ ఇంకోటి చెప్పేవాడు. శుక్రవారం సంతకు వెళ్ళొచ్చేసరికి మూడో ఊరు తేలేది.

చివరికి డ్రిల్లు మేష్టారు మమ్మల్నందరినీ కూర్చోబెట్టి రూల్సు చెప్పారు. టోర్నమెంటు ఫారం మీద సంతకం పెట్టిన పిల్ల, స్కూలు రిలీజ్ లెటర్ ఇవ్వకుండా ఇంకెక్కడా ఆడకూడదు. స్పోర్ట్స్ హాస్టల్ వాళ్ళు ఏడాదికి ఒక్కసారే ఎంపికకు వస్తారు, చేరేనాటికి పదహారు నిండకూడదు. ఇంట్లోవాళ్ళు మూడేళ్ళ బాండు మీద వేలిముద్ర వెయ్యాలి. మధ్యలో వచ్చేస్తే సర్టిఫికెట్లు చేతికి రావు.

"టోర్నమెంటుకి ముందే బేరాలు పెట్టుకున్నవాళ్ళకి నేను లెటర్ ఇవ్వను గాక ఇవ్వను" అంటూ ఆయన ఆ పిల్ల వైపే చూశారు. తను గోళ్ళు కొరుక్కుంటూ తల దించుకుంది. నాకది చాలు.

ఆ రోజు నుంచి నేను సీఐడీనైపోయాను. తను రెండుసార్లు ఎస్టీడీ బూత్ దగ్గర కనిపించింది. ఫోనే లేని ఊరి పిల్ల ఎవరితో మాట్లాడుతున్నట్టు? తర్వాత కాళ్ళకి కొత్త బూట్లు వచ్చాయి. ఎవరిచ్చారే అంటే నవ్వేసి ఊరుకుంది. ఒక సాయంత్రం ప్రాక్టీసయ్యాక, "నువ్వు హైదరాబాదు ఎల్తావేటి?" అని నన్నే అడిగింది.

"ఏం, నీ పెట్టె మొయ్యడానికా?" అన్నాను. మళ్ళీ అడగలేదు.

టోర్నమెంటు మా కోర్టులోనే జరిగింది. సెమీఫైనల్లో తను సరిగా పరిగెత్తలేదు, ఎగరలేదు. ఫాదర్ గారి పక్క కుర్చీల్లో టోపీలు పెట్టుకున్న ఇద్దరు కొత్తవాళ్ళు నోటు పుస్తకాలతో కూర్చున్నారు. తను మాటిమాటికీ వాళ్ళనే చూస్తోంది. ఒళ్ళు మండిపోయింది నాకు. బేరం కుదిరిపోయింది, అందుకే దెబ్బ తగలకుండా కాళ్ళు దాచుకుంటోంది, మేమెలా పోతే దీనికేం అనుకున్నాను. బంతి ఇవ్వడం మానేశాను. తను పోస్టు కింద చేతులెత్తి నిలబడి, "ఇలాగియ్యే!" అని రెండుసార్లు అరిచింది. విననట్టు ఇంకో పిల్లకిచ్చాను. మూడోసారి పిలవలేదు. ఆట ఇంకా సగం మిగిలుండగానే టోపీలవాళ్ళు పుస్తకాలు మూసి, కిరండూల్ రైలుకి టైమైందని లేచారు. మేం ఓడిపోయాం. తనను ఎవరూ ఎక్కడికీ తీసుకుపోలేదు. బేరం బెడిసికొట్టిందని నేను లోలోపల సంతోషించాను కూడా.

రెండు వారాల తర్వాత సంతలో అల్లం అమ్ముతున్న ఆ పిల్ల తల్లి నన్ను చెయ్యి పట్టుకుని ఆపింది.

"నువ్వే గదా మా గుంటకి జంట?"

వాళ్ళ పిల్లకి నేను జంటేమిటో నాకు అర్థం కాలేదు. ఆమే చెప్పింది. వాళ్ళ ఊళ్ళో ఆడపిల్లను ఒంటరిగా కొండ దించరు. కాఫీ తోట పనికైనా, సంతకైనా పక్కన జంట ఉండాల్సిందే. జంట దొరక్కపోతే ప్రయాణం మానుకోవడమే.

"ఒక్కదాన్నే పంపితే ఏలిముద్ర ఎయ్యనన్నాను. జంట ఉందమ్మా, బంతి నాకిచ్చేది అదే, అదీ వొస్తాదని నీ పేరు సెప్పింది. ఇద్దర్నీ సూత్తామని ఆ హైదరాబాదోలు ఒచ్చినారు. ముందే తెలిస్తే మేష్టారు కాయితం ఇవ్వడని, ఎవరికీ సెప్పొద్దన్నారంట. ఆలిచ్చిన బూట్లు కరిసేసి పాపం కాళ్ళు పుళ్ళయిపోనాయి."

ఆ పిల్ల నన్ను కూడా తీసుకెళ్దామనుకుంది. నేను తన చేతికి బంతి కూడా ఇవ్వలేదు.

"మళ్ళీ ఎప్పుడొస్తారమ్మా ఆలు?" అంది తల్లి.

ఆ పిల్లకు మార్చిలో పదహారు నిండుతాయని, ఆ తర్వాత వాళ్ళు తీసుకోరని నాకు తెలుసు. "వచ్చే ఏడు వస్తారు" అన్నాను.

"అయితే ఇద్దరూ బేగి తయారవ్వండి" అని, ఆమె నా సంచిలో గుప్పెడు అల్లం వేసింది. నేను చెప్పింది నిజమేనా అని ఒక్కసారి కూడా నా మొహంలోకి చూడలేదు.