వంగని వెన్ను

దెయ్యాలను నేనెన్నడూ నమ్మలేదు. మా ఇంట్లో అలాంటి కబుర్లు వంటింటి గడప దాటి ముందుగదిలోకి వచ్చేవి కావు. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పడం లేదు. జరిగింది చెబుతున్నాను.

వన్ టౌన్‌లో మా తాతగారికి గోదాములుండేవి. నాన్నగారి హయాంలో అన్నీ పోయాయి. మిగిలింది నిటారుగా కూర్చునే అలవాటొక్కటే. చిన్నప్పుడు భోజనాల దగ్గర నేను కాస్త వంగితే, నాన్నగారు వెనకనుంచి వచ్చి పచ్చరాయి ఉంగరం ఉన్న వేలితో వెన్నులో గట్టిగా నొక్కేవారు. గోదాముల వెనకే ఆ ఉంగరమూ పోయింది. తరవాత ఆయనా పోయారు.

కిందటేడు నా కుడి మోకాలు అరిగిపోయింది. లోపలివైపే అరిగింది కాబట్టి మొత్తం అక్కర్లేదు, ఆ భాగం వరకే మారుస్తామన్నారు డాక్టరు. చిక్కు నడుముతో వచ్చింది. వెన్నుపూసల వెంట లిగమెంట్లు ఎముకలా గట్టిపడిపోయాయని ఎక్స్-రేలో తేలింది. వంగితే తప్ప వెన్నులోకి మత్తుసూది దిగదు. నా గుండెకు పూర్తి మత్తు పనికిరాదు. సూది దిగకపోతే ఆపరేషన్ లేదు, ఇక చక్రాల కుర్చీయే. ఒకరు తోస్తే కదిలే బతుకు నేను ఊహించలేను.

ఆపరేషన్ గదిలో బల్ల మీద కూర్చోబెట్టారు. ఎదురుగా నర్సు నా భుజాలు పట్టుకుంది. వెనక మత్తు డాక్టరు. సూది రెండుసార్లు ఎముకకే తగిలింది.

"ఏటి బాబూ, కర్రలాగ కూకుంటే ఎలాగ? రొయ్యలాగ ముడుసుకోండి," అంది నర్సు.

శాయశక్తులా ప్రయత్నించాను. వంగలేదు. ఇంకొక్కసారి చూసి మానేద్దామన్నారు డాక్టరు. చెమట కళ్లలోకి దిగుతోంది.

అప్పుడు నా మెడ మీద ఒక చెయ్యి పడింది. గ్లవ్ లేదు. ఉంగరం చల్లగా చర్మానికి తగిలింది. ఆ చెయ్యి తొందరపడలేదు. నా తలను మెల్లగా కిందికి వంచింది. దాని వెంటే నడుమూ వంగి, గడ్డం ఛాతీకి ఆనింది. సూది దిగిపోయింది.

మర్నాడు వార్డుకొచ్చిన ఆ నర్సునే అడిగాను, నా మెడ పట్టుకున్నదెవరని.

"ఎవులూ పట్టలేదు బాబూ. మీరే ఒంగిపోనారు. నడుం ఇరిగిపోనాదేటో అని నాను బెదిరిపోనాను."

మత్తు డాక్టరు రెండు చేతులూ సూది మీదే ఉన్నాయట. ఆ గదిలోకి ఉంగరంతో ఎవరినీ రానివ్వరు. భయంలో అలా అనిపించి ఉంటుందన్నారు డాక్టరు. కావచ్చు. కానీ మళ్లీ తీసిన ఎక్స్-రేలో ఎముక ఎక్కడా చిట్లలేదు. వంగడానికి సందూ లేదు.

ఇప్పుడు పూర్ణా మార్కెట్‌కి నడిచే వెళ్తున్నాను, చేతికర్ర లేకుండా. నడుం మాత్రం మళ్లీ వంగలేదు. చెప్పు పట్టీ మా ఆవిడే పెడుతుంది.

ఆ చెయ్యి ఎవరిదో నేటికీ చెప్పలేను. నాన్నగారిదే అనుకుందామంటే ఒక్కటి అడ్డొస్తుంది. ఆయన చెయ్యి ఎవరినైనా వంచడం నేను ఎన్నడూ చూడలేదు.