మిట్టమధ్యాహ్నం వచ్చిన దయ్యం

మొన్న ఆఫీసులో ప్రొజెక్టర్ పెట్టి, దీపాలు ఆర్పుదామని స్విచ్చి కోసం గోడలన్నీ తడిమాను. స్విచ్చే లేదు. మనుషులున్నంతసేపు మా బిల్డింగులో దీపాలు వాటంతటవే వెలుగుతుంటాయి, వాటి పెత్తనమంతా ఎక్కడో ఉన్న కంప్యూటర్‌ది. పక్కనున్న కొత్తమ్మాయి "ఇంత వెలుగులో ఏం కనిపిస్తుంది మేడమ్?" అని విసుక్కుంది. నాకు మాత్రం మా అత్తయ్య గుర్తొచ్చి నవ్వొచ్చింది.

అత్తయ్య తెనాలి వైపు ఒక చిన్న స్కూల్లో ఇంగ్లీషు టీచరుగా చేసి, రిటైరయ్యాక మదీనాగూడలో మా ఫ్లాటుకు వచ్చేశారు. నాలుగు వందల ఏళ్ళ కిందటి ఇంగ్లీషు నాటకాలంటే ఆవిడకు ప్రాణం. ఆ రాజులు, దయ్యాలు, మగవేషం కట్టిన ఆడపిల్లలు అందరూ మా వంటింట్లోనే మకాం. పప్పుకు తాలింపు పెడుతూ పెడుతూ ఒక రాజును చంపేసేవారు. ఇంత పిచ్చి ఉండీ ఒక్క నాటకమూ స్టేజీ ఎక్కించలేకపోయారు. స్కూల్లో సిలబస్ పూర్తి చేస్తే చాలన్నారట. చర్చిలో ఏటా క్రిస్మస్‌కి గొర్రెల కాపరుల నాటిక తప్ప ఇంకొకటి పడనివ్వలేదట. "దయ్యం సీను ఎప్పుడు చెప్పినా లంచ్ బెల్లుకు ముందు పీరియడేనమ్మా. పిల్లలు క్యారేజీల వైపు చూసేవారు గాని ఒక్కడూ భయపడలేదు" అనేవారు. నవ్వుతూనే అనేవారు గాని ఆ కొరత ఆవిడకు ఎంతుందో నాకు తెలుసు.

అందుకే మా ఆఫీసు యాన్యువల్ డేకి మా టీం నాటకం వేస్తుందనగానే డైరెక్టరుగా అత్తయ్య పేరు చెప్పేశాను. ఆవిడ ఆ దయ్యం నాటకాన్నే ఎంచుకున్నారు. చచ్చిపోయిన రాజు దయ్యమై అర్ధరాత్రి కోట కాపలావాళ్ళకు కనిపిస్తాడు, సొంత తమ్ముడే తనను చంపి సింహాసనం ఎక్కాడని కొడుకుకు చెప్పుకుంటాడు. అత్తయ్య కోటను అద్దాల బిల్డింగు చేశారు, రాజును కంపెనీ పెట్టిన పెద్దాయనను చేశారు. సెక్యూరిటీ వేషం నా పక్క సీట్లో కూర్చునే కొలీగ్‌ది. సిద్దిపేట మనిషి, ఆఫీసులో అందరం అతన్ని అన్న అనే పిలుస్తాం. అతని మొదటి డైలాగు "ఎవరండీ అక్కడ?" అని రాశారు అత్తయ్య. అది చూసి అన్న తల పట్టుకున్నాడు. "దయ్యానికి అండి ఏందమ్మా? మా దిక్కు గిట్ల అడుగరు. ఎవడ్రా అది, కార్డు చూపెట్టు అంటరు." అత్తయ్య పగలబడి నవ్వి, అక్కడికక్కడే మార్చేశారు.

తీరా ఆ రోజు చూస్తే స్టేజీ ఫుడ్ కోర్టులో కట్టారు. మా నాటకం సరిగ్గా భోజనాలకు ముందు పడింది, అవతల బిర్యానీ గిన్నెలు సర్దేస్తున్నారు. అద్దాల గోడల్లోంచి ఫెళఫెళలాడే ఎండ, పైన ఆరని దీపాలు. "ఇగ కాదమ్మా. గింత వెలుగుల దయ్యమొస్తే జనం నవ్వుతరు, ఆ సీను తీసేద్దాం" అన్నాడు అన్న. అందరూ తలలూపారు. నాకు అత్తయ్య మొహం చూసే ధైర్యం లేకపోయింది. ఇన్నాళ్ళకు దొరికిన దయ్యం గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయేట్టుంది. ఆవిడ కాసేపు ఆ ఎండనే చూసి నెమ్మదిగా అన్నారు. "ఆ రోజుల్లో ఈ నాటకం పట్టపగలే ఆడేవారండి. నడినెత్తిన ఆకాశమే. నటుడు చీకటంటే జనం చీకటనుకునేవారు. మీరూ ఓసారి చెప్పి చూడండి బాబూ."

అన్న స్టేజీ ఎక్కాడు. "ఏం చీకటిరా నాయనా! నా చెయ్యి నాకే కనబడ్తలేదు. జర ఎవలన్నా లైటు కొట్టుండ్రి" అంటూ గోడ తడుముకుంటూ నడిచాడు. హాలంతా గొల్లుమంది. ముందు వరసలో మా పెద్ద బాసు, ఏమనిపించిందో ఏమో, అంత వెలుగులోనూ ఫోను తీసి అన్న కాళ్ళ ముందు టార్చి వేశాడు. మొహానికి పౌడరు పూసుకున్న దయ్యం గేటు దగ్గరికొచ్చింది. కార్డు లేదంది. "సచ్చిపోయినోళ్ళకు విజిటర్ పాసు ఇస్తలేం, పో" అన్నాడు అన్న. మళ్ళీ నవ్వులు. అప్పుడు దయ్యం, "లోపలికి రానులే. నా కొడుకును ఒక్కసారి పిలు, ఒక మాట చెప్పిపోతా" అంది. నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. తెర పక్కన అత్తయ్య పెదవులు దయ్యంతో పాటే కదులుతున్నాయి.

బహుమతి డాన్సు వాళ్ళు పట్టుకుపోయారు. పోనీండి. చప్పట్ల మధ్య అన్న అత్తయ్యను చెయ్యి పట్టి స్టేజీ మీదికి తెచ్చి "గీ అమ్మనే మా డైరెక్టర్" అన్నప్పుడు, ఆవిడ మా అత్తయ్య అని అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పుకున్నాను. అంత గర్వం నా ప్రమోషన్‌కి కూడా పడలేదు.

ఇంటికి వస్తుంటే క్యాబు కొండాపూర్ దాటాక అత్తయ్య నా చెయ్యి పట్టుకుని, "బిర్యానీ అంత ఘుమఘుమలాడుతోందా, ఒక్కరూ అటు చూడలేదమ్మా" అన్నారు. ఆవిడ క్లాసులో అన్నేళ్ళూ రాని అర్ధరాత్రి, మా ఆఫీసులో భోజనాల వేళకు వచ్చింది. ఎవరికి ఏ గంట ఎప్పుడు కొట్టాలో కాలానికే తెలియాలి.