వెనక వైపు ఫొటో

పాసిర్ రిస్‌లో మాకు రెండు అంతస్తుల కింద ఉండే సుధాకరరావు అంకుల్ పాత తుపాకులకు వెల కడతారంటే చాలామంది నమ్మరు. విజయనగరం నుంచి ఈ దేశానికి షిప్‌యార్డు ఫిట్టరుగా వచ్చిన మనిషి. తుప్పు చూసి లోహం వయసు చెప్పడం ఆ షిప్‌యార్డులోనే అబ్బింది. రిటైరయ్యాక, విదేశీ వేలం సంస్థలు పంపే ఫొటోలు చూసి ధర చెబుతున్నారు. ఇంట్లో ఒక్క తూటా కూడా ఉంచరు. ఈ దేశంలో ఉంచితే జైలే. వెనక వైపు ఫొటో చూడనిదే మాత్రం ఆయన నోట ధర రాదు.

మొన్న శనివారం ఉదయం, మేము సెకండ్‌హ్యాండులో కొన్న చెక్కపెట్టె అడుగున, గుడ్డలో చుట్టిన రివాల్వర్ దొరికింది. నల్లబడిన ఇత్తడి. అలంకరణ బొమ్మనుకున్నాను. ఇత్తడి కనబడితే ఆగలేని మా అత్తగారు హైమావతి అప్పుడే చింతపండు నానబెట్టారు. ఈలోగా ఒక ఫొటో తీసి, "ఎంత చేస్తుందంకుల్?" అని పంపాను.

"వెనక వైపు తియ్యి బాబూ."

తీసి పంపాను. అత్తయ్య దాన్ని సింకు దగ్గరికి తీసుకెళ్లారు. నిమిషంలో ఫోన్ మోగింది.

"పాప ఎక్కడుంది?"

"అమ్మమ్మ పక్కన, స్టూలు మీద."

"ఆ తిరిగే చక్రం వెనక, దెబ్బ తగిలితే నిప్పు రాల్చే రాగి టోపీలు ఐదున్నాయి. లోపల తుపాకీమందు ఉండొచ్చు. వాటి మీద దెబ్బ పడకూడదు."

నేను కెమిస్ట్రీ చదివాను. రాపిడికి పేలే పదార్థాల మీద పరీక్ష కూడా రాశాను. వంటింట్లో స్టీలు పీచు గరగరలాడుతోంది.

"నో లా అమ్మమ్మా, మై టర్న్!" మా నాలుగేళ్ల మహతి ఇక్కడి పిల్లల ఇంగ్లీషులో అంటూ చెయ్యి చాపింది.

అరిస్తే అత్తయ్య ఉలిక్కిపడి జారవిడుస్తారు. గొంతు తగ్గించుకుని అన్నాను. "అత్తయ్యా, పీచు వదిలెయ్యండి."

"రెండు రుద్దులు బాబూ, తళతళలాడిపోద్ది."

ఫోన్ స్పీకరులో పెట్టాను. "చెల్లెమ్మా, మెరుపు చాలు. గొట్టం గోడవైపు పెట్టి, మెల్లగా వదిలేసి బయటికి రా" అన్నారు అంకుల్.

ఆమె దాన్ని కింద పెట్టేలోపు మహతిని ఎత్తుకుని కారిడార్లోకి పరుగెత్తాను; వెనకే అత్తయ్య వచ్చారు. పోలీసులకు ఫోన్ చేశాను. వాళ్లు వచ్చేదాకా అంకుల్ లుంగీతోనే మా గేటుకు అడ్డంగా నిలబడ్డారు. ఆ చక్రంలో తూటాలుండే గదుల్లో మూడింట మందు ఇంకా ఉందని తర్వాత వాళ్లే చెప్పారు.

"ఇంతకీ ఎంత పలికేది?" అడిగాను.

"పొద్దున్నయితే బాగానే. నూటయాభై ఏళ్ల నలుపు బాబూ, కొనేవాడు దానికే ఇస్తాడు. మీ అత్తగారు సగం ధర సింకులో పోసేశారు."

"మెరిసిందా లేదా?" అన్నారు అత్తయ్య, చింతపండు చేతులు కొంగుకు తుడుచుకుంటూ.

మహతి దిగుతానని గింజుకుంటోంది. నేనింకా దించలేదు.