ఆమె కట్టిన విటమిన్ల పాట

అమ్మ కంటి ఆపరేషన్ కోసం రెండు వారాలు సెలవు పెట్టాను. తిరిగి ఏలూరులో బస్సెక్కి కొల్లేరు పక్కనున్న మా బడికి వెళ్లేసరికి, ఏడో తరగతి పిల్లలు నా సైన్సు పాఠాన్ని పాడుతున్నారు.

“ఏ కరువైతే రేచీకటి, బీ కరువైతే బెరిబెరి, సీ కరువైతే చిగుళ్ల నెత్తురు, డీ కరువైతే దొడ్డికాళ్లు!”

నేను లేనప్పుడు నా క్లాసు చూసిన లెక్కల టీచరు కట్టిందట. పెంటపాడు అమ్మాయి, కొత్తగా చేరింది. వరినాట్ల పాట బాణీ. పందొమ్మిదేళ్లుగా ఆ విటమిన్ల పట్టికను రంగుల చార్టు మీద రాసి, చెప్పిందే చెప్పి నా గొంతు అరిగింది. అయినా సగంమందికి రాదు.

“బాగుందాండీ?” అని స్టాఫ్‌రూములో ఆశగా అడిగింది.

“బాగుందండీ,” అన్నాను. ఒకరి మంచి చూసి కళ్లలో నిప్పులు పోసుకునే మనిషిని కాదనుకునేదాన్ని. ఆ పూట అన్నం సహించలేదు.

మర్నాడు క్లాసులో, “సైన్సు చదవాలి, పాడకూడదు. ఇక ఆ పాట వినపడకూడదు,” అన్నాను. పిల్లల మొహాలు చిన్నబోయాయి. నాకు హాయిగా అనిపించింది.

ఆ వారమే స్లిప్ టెస్టు పెట్టాను. ఏదో మూల సన్నగా కూనిరాగం మొదలైంది. బల్ల మీద స్కేలుతో కొట్టాను. ఆగిపోయింది. కాసేపటికి చూస్తే, చేపల చెరువు కాపలాదారు కూతురు పెన్ను పట్టుకుని ఊరికే కూర్చుంది. ‘సి’ దగ్గర కాగితం ఖాళీ.

“ఏమ్మా, రాయవేం?”

“సీ దాకా వచ్చిందండీ. మీరు కొట్టేసరికి పోయిందండీ. మళ్లీ మొదట్నించీ పాడుకుంటేగానీ రాదండీ.”

“మనసులో పాడుకో.”

“పెదాలు కదపాలండీ,” అంది, ఏడుపు ఆపుకుంటూ.

సిగ్గేసింది. “అందరూ పాడుకోండి,” అన్నాను. గదంతా పెదాలు కదిలాయి. ఒక్కరూ తప్పు రాయలేదు. పేపర్లు దిద్దుతుంటే సంతోషించాల్సింది పోయి, ఒక్కచోటైనా తప్పు దొరకదా అని వెతికాను.

ఆ ఆదివారం పట్టుదలగా జీర్ణవ్యవస్థ మీద నేనే పాట కట్టాను. పిల్లలు మర్యాదగా విన్నారు గానీ, ఎవరి నోటా నిలవలేదు. చివరికి ఆ లెక్కల టీచరుకే కాగితం చూపించాను.

రెండుసార్లు లోలోపల పాడుకుని, “నోటి దగ్గర్నించి ఆహారవాహికకి ఒక్కసారే దూకేస్తున్నామండీ. మధ్యలో ‘దిగి దిగి’ అని వేయండి, సరిపోద్ది,” అంది. “మాటలన్నీ మీవే కదండీ.”

వేశాను. మధ్యాహ్న భోజనం వేళకే వరండా అంతా “దిగి దిగి” అంటూ మోగిపోయింది. హెడ్మాస్టరుగారు వచ్చి, “పాట భలే కట్టారండీ, మేడమ్!” అన్నారు.

ఆమె పక్కనే చేతులు కడుక్కుంటోంది. ఆ రెండు మాటలూ తనవని చెప్పడానికి నోరు తెరిచాను. “థాంక్సండీ,” అని ఊరుకున్నాను.