ఉచిత మజ్జిగకు బేరం

అమీర్‌పేటలో మా నాన్నది డ్రెస్ మెటీరియల్ దుకాణం. నాకు ఎక్కాలకన్నా ముందు బేరం వచ్చింది. ఎదుటివాళ్లు ఏం చెప్పినా సగానికి అడగడం, వాళ్లు ఒప్పుకుంటే ఇంకా తక్కువకు అడగాల్సిందని కుమిలిపోవడం మా ఇంటి పద్ధతి. అలాంటి నేను, ఏమీ ఆశించకుండా సేవ చేసే యువత మీద పీహెచ్‌డీ మొదలుపెట్టాను.

"ఉత్తగ చేసేటోళ్ల గురించి ఏం రాస్తవ్ బిడ్డా, రెండు లైన్లల్ల అయిపోతది," అన్నాడు నాన్న. రెండేళ్లయినా అవలేదు.

ఆ ఆషాఢంలో నా పనంతా ఒక్క ఇంటర్వ్యూ దగ్గర ఆగిపోయింది. పంజాగుట్టలో ఉండే మా గైడ్ మేడమ్‌ది కోస్తా. "ఏంటమ్మా, అందరూ సభ్యులే. సేవా బృందాన్ని నడిపేవాళ్లు ఒక్కరూ మాట్లాడలేదేంటి? సోమవారానికి తేకపోతే ఈ అధ్యాయం నేను చూడను," అని తేల్చేశారు.

నాకు దొరికిన ఏకైక నాయకురాలు బల్కంపేటలో ఉంది, డిగ్రీ ఆఖరి ఏడాది పిల్ల. ఫోన్ చేస్తే, "ఆదివారం బోనాలున్నయక్కా, మజ్జిగ పోస్తుంటం. ఆడికే రా," అంది.

వెళ్లాను. గుడికి పోయే రోడ్డంతా బోనాలు, డప్పులు, తడిసిన వేపాకు వాసన. షామియానా కింద ఆరు డ్రమ్ముల మజ్జిగ. నేను బ్యాగులోంచి రికార్డర్ తీశాను. ఆ పిల్ల నా చేతిలో జగ్గు పెట్టింది.

"నీలెక్క వచ్చినోళ్లు మస్తు మందక్కా. అడుగుతరు, రాసుకపోతరు, మళ్ల మొఖం సూపెట్టరు. ముందుగాల జర పొయ్యి, తర్వాత మాట్లాడుదం."

"ఎన్ని డ్రమ్ములు?"

"ఆరు."

"రెండు."

"మూడు పొయ్యి," అంది విసుగ్గా. సగానికి సగం. లోపల పొంగిపోయాను.

తప్పు అక్కడే జరిగింది. చేతికి జగ్గు, ఎదురుగా జనం వచ్చేసరికి నేనెక్కడున్నానో మరిచిపోయాను. ఒకావిడ రెండో గ్లాసు అడిగింది.

"ఒక్కటే వస్తదమ్మా," అన్నాను.

"అదేంది, పిల్లగాడున్నడు గదా."

"పిల్లగానికి అర గ్లాసు."

"గీ పొల్ల సుత ఉన్నది."

"ఇద్దరికి కలిపి ఒకటి. ఆఖరు మాట."

ఆవిడ వెళ్లిపోతున్నట్టు రెండడుగులు వేసింది. గిరాకీ మెట్లు దిగుతుంటే నోరు ఊరుకుంటుందా? "ఆగమ్మా, ఒకటిన్నర తీస్కో," అన్నాను. ఆవిడ గెలిచిన ముఖంతో వెనక్కి వచ్చి, ఒకటిన్నరా పోయించుకుని, పక్కావిడ చెవిలో ఏదో చెప్పింది.

అంతే. అప్పటిదాకా ఊరికే ఇస్తామన్నా తల తిప్పుకుని పోయిన జనం, బేరముందని తెలిసి ఎగబడ్డారు. డప్పు కొట్టే ఆయన మూడు గ్లాసులతో మొదలుపెట్టి రెండున్నరకు దిగి, "ఎట్లయితే ఏంది, ఒప్పించిన," అని మురిసిపోయాడు. నా గొంతు నాన్న గొంతులా మారిపోయింది. వెనక బృందమంతా కడుపులు పట్టుకుని నవ్వుతోంది. "అక్కా, ఫ్రీగ ఇచ్చేదానికి గింత గీసిగీసి బేరమాడేదాన్ని నిన్నే జూసిన," అంది మా నాయకురాలు. నేను పోసింది మూడు కాదు, ఆరు డ్రమ్ములూ అని అప్పుడు తెలిసింది.

ఖాళీ డ్రమ్ములు కడుగుతూ, "ఇగ అడుగు," అంది.

ఎందుకు చేస్తున్నావని అడిగాను.

"మొదలు మా దోస్తు గుంజుకొచ్చింది. ఫొటోలు దిగి పోదామనుకున్న. ఇగ జూస్తే వీళ్లెవ్వరికి లైను సక్కగ పెట్టరాదు. నేను లేకుంటే ఎట్ల అనిపించింది."

త్యాగమనీ సామాజిక స్పృహ అనీ రెండేళ్లుగా రాసుకున్న నేను ఆ మాట రెండుసార్లు చెప్పించుకుని విన్నాను. ఆ పిల్ల డ్రమ్ములన్నీ కడిగేదాకా మాట్లాడింది. చివర్లో సమ్మతి పత్రం అందించాను. అది లేకపోతే విన్నదంతా దండగ. ఆ పిల్ల పెన్ను పట్టుకుని ఆగింది.

"పది ఆదివారాలు రావాలె. ఎర్రగడ్డ రైతుబజార్ల ప్లాస్టిక్ కవర్లు ఏరాలె."

అయిదు అందామని నోరు తెరిచాను. రికార్డర్ ఇంకా నడుస్తూనే ఉంది. బృందమంతా నేనెంతకు అడుగుతానో అని నా నోటి వంకే చూస్తోంది.

"పొద్దున ఎన్నింటికి?" అన్నాను.

సంతకం పెట్టింది. చెప్పిన రేటుకు తీసుకుని కూడా, అమీర్‌పేట దాకా నవ్వుకుంటూ నడిచాను.