బానెట్ పట్టుకున్న ఆదివారాలు

పోయిన మంగళవారం పొద్దున వైపర్ల డబ్బాలో నీళ్లు పోద్దామని కారు బానెట్ ఎత్తి, దండెం కర్ర పోటు పెట్టి అలా వంగానో లేదో, కర్ర జారి బానెట్ కాస్తా నా నడినెత్తిన పడింది. దెబ్బ పెద్దదేం కాదు, చిన్న బొప్పి కట్టింది, అంతే. కానీ మారేడ్‌పల్లిలో మా ఇంటి గేటు లోపల ఆ బొప్పి తడుముకుంటూ నిలబడితే నొప్పి కంటే ముందు కోపం వచ్చింది. ఆ బానెట్ బరువెంతో సికింద్రాబాద్ మొత్తం మీద నా చేతులకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

మన తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పటి కార్లకు బానెట్ కింద ఒక ఇనుప కడ్డీ ఉండేది, దాన్ని లేపి గాడిలో పెడితే ఇక చింత ఉండేది కాదు. మా ఆయన ముచ్చటపడి కొన్న ఈ సెకండ్ హ్యాండ్ పెద్ద కారుకు కడ్డీ లేదు, దాని బదులు చెరో పక్క మూరెడు పొడవు గొట్టాలు, వాటిలో గ్యాసు, అవే బానెట్‌ను లేపి నిలబెట్టాలి. మెకానిక్‌లు వాటిని షాకర్లంటారు. కారు మా ఇంటికి వచ్చేనాటికే రెండింట్లోనూ గ్యాసు అయిపోయింది. వచ్చే నెల మార్పిద్దామన్నారు మా ఆయన, ఆ వచ్చే నెల ఇరవై ఏళ్లయినా రాలేదు.

ఆయనకు కారంటే ప్రాణం. ఆదివారం టిఫిన్ కాగానే లుంగీ ఎగ్గట్టి బానెట్ ఎత్తేవారు, ఎత్తగానే నన్ను పిలిచేవారు. నేను పెనం మీద దోసె పెనం మీదే వదిలి, చేతులు తుడుచుకుంటూ పరుగెత్తి, రెండు చేతులూ పైకెత్తి ఆ బానెట్‌ను పట్టుకుని నిలబడేదాన్ని. ముక్కు దురద పెట్టినా గోక్కునే వీలుండేది కాదు. లోపల పాలు పొంగి స్టవ్వు మీద మాడుతున్న వాసన వస్తున్నా కదిలే వీలుండేది కాదు. ఒక్క నిమిషం, ఒక్క నిమిషం అంటూ ఆయన గంట చేసేవారు. కర్ర పెట్టుకోవచ్చు కదా అంటే కర్రను నమ్మలేమనేవారు. ఒకసారి పక్కింటాయన, షాకర్లు మార్పించరాదా అని అడిగితే మా ఆయన నన్ను చూపించి, "మా ఇంటామె ఉండంగ షాకర్లెందుకు, అన్నా?" అని పకపకా నవ్వారు. పక్కింటాయన నవ్వాడు, చేతులు పైకెత్తుకునే నేనూ నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే వాళ్లిద్దరి నవ్వు కంటే నా నవ్వే నాకు ఎక్కువ మంట పుట్టిస్తుంది.

ఆ రోజుల్లో నేను ఒక ప్రభుత్వాఫీసులో గుమాస్తాను. పై మెట్టు ఎక్కాలంటే శాఖ వాళ్లు పెట్టే పరీక్ష ఒకటి రాయాలి, దానికి వయసు హద్దు ఉంది, నాకు అదే ఆఖరు అవకాశం. ఆర్నెల్లు తెల్లవారుజామున లేచి, వంటింటి గట్టు మీద పుస్తకం పెట్టుకుని, కూరలు తరుగుతూ రూల్సన్నీ బట్టీ పట్టాను. పరీక్ష ఆదివారం పొద్దున పది గంటలకు. ఆటోలో పోతానంటే మా ఆయన ఒప్పుకోలేదు, తానే కారులో దింపుతానన్నారు. ఎనిమిదింటికే గంజి పెట్టిన కాటన్ చీర కట్టుకుని, హాల్ టికెట్ పట్టుకుని బయటికి వచ్చేసరికి బానెట్ లేచి ఉంది. "నడిమిట్ల ఆగకుండ ఒక్కసారి చూస్త, జెర పట్టుకో, ఒక్క నిమిషం" అన్నారు. హాల్ టికెట్ చంకలో పెట్టుకుని పట్టుకున్నాను.

బాగానే ఉన్న ఇంజను బెల్టును బిగిద్దామని ఊడదీశారు, ఊడిన బెల్టు ఎంతకీ మళ్లీ ఎక్కలేదు. ఎనిమిదిన్నరకు టైమవుతోందన్నాను, తొమ్మిదికి మళ్లీ అన్నాను, తొమ్మిదింబావుకు ఏడుస్తూ అన్నాను. ఆయన తల, మెడ, రెండు చేతులూ నేను పట్టుకున్న ఆ ఇనుము కిందే ఉన్నాయి. నేను వదిలి వీధి చివర ఆటో ఎక్కితే పరీక్ష దొరుకుతుంది, బానెట్ మాత్రం ఆయన మెడ మీద పడుతుంది. ఆయనొక్కసారి తల బయటికి తీస్తే చాలు, నేను పోయేదాన్ని. ఇదిగో అయిపోయింది అంటూ ఆయన తల తీయలేదు, నేను వదల్లేదు. ఎట్టకేలకు బెల్టు ఎక్కించి బయల్దేరితే, మేం చేరేసరికి సెంటర్ గేటు మూసేశారు. వెనక్కు వస్తుంటే, "మల్లొచ్చే ఏడు రాద్దువు తియ్" అన్నారు. ఇదే ఆఖరు అని నేను ఎన్నిసార్లు చెప్పానో ఆయనకు గుర్తే లేదు.

నా తర్వాత చేరి, నా దగ్గరే నోట్ రాయడం నేర్చుకున్న అమ్మాయి ఆ ఏడే పరీక్ష రాసి నాకు ఆఫీసరైంది. మంచి పిల్ల, పాపం, నన్ను అక్కా అనడం మానలేదు. రిటైరయ్యే దాకా నేను ఆమెకు ఫైళ్లు పెట్టాను.

ఇప్పుడు ఆయనకు చేతులు వణుకుతాయి, కారు నడిపేది నేనే, అరవై దాటాక నేర్చుకున్నాను. బొప్పి కట్టిన మర్నాడు రాణిగంజ్ పోయి షాకర్ల జత అడిగాను. కొట్టాయన పాతవాటి సంగతి విని, "ఇన్నేండ్లు ఎట్ల నడిపిండ్రమ్మా? ఇరవై నిమిషాల పని, మెకానిక్ సుత అక్కర్లే" అన్నాడు. ఆ కొట్టు ముందే నాకు కళ్లు చెమర్చాయి.

మొన్న ఆదివారం నేనే పనికి దిగాను. దండెం కర్ర కోసం చూస్తుంటే వరండాలో పేపరు చదువుతున్న ఆయన చెప్పులేసుకుని వచ్చారు. "నేను పట్టుకుంట" అన్నారు. "గట్టిగ పట్టుకోండ్రి" అన్నాను. ఆయన చేతులు పైకెత్తి నిలబడ్డారు, నేను కింద తల పెట్టాను. స్క్రూడ్రైవర్ మొనతో చిన్న క్లిప్పు లేపితే పాత గొట్టం ఊడివచ్చింది, కొత్తదాని మూతిని అక్కడున్న చిన్న ఇనుప గుండు మీద పెట్టి నొక్కితే టక్కుమని కూర్చుంది. ఒకవైపు అయింది, రెండోవైపూ అయింది. గడియారం చూశాను, ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు.

ఇక బానెట్ బరువు షాకర్లదే. ఆ సంగతి ఆయన చేతులకు తెలియకపోదు. అయినా దించకుండా, "అయిపోయిందా?" అని అడిగారు. "ఒక్క నిమిషం" అన్నాను. చేసే పనేమీ లేకపోయినా ఇంజను వంక చూస్తూ అలాగే వంగి ఉన్నాను. వణుకుతున్న ఆ చేతులను చూసి నాకు హాయిగా ఉంటుందనుకున్నాను, లేదు. జాలి కూడా కలగలేదు.

ఇప్పుడు ఆ బానెట్ ఒంటి చేత్తో ఎత్తితే చాలు, తనంతట తానే నిలబడుతుంది, ఎవరినీ పిలవక్కర్లేదు. కాలం మారింది, కారు పాతబడింది, మేమూ పాతబడ్డాం. మొన్న మాత్రం చాలాసేపు ఆయన పట్టుకునే ఉన్నారు, వదలమని నేను చెప్పలేదు.