ఆపైన మేస్త్రీ

మేస్త్రీకి ఉన్నది ఒకటే జబ్బు. చెవుడు కాదు. చెవుడు దాని ముందు లెక్కలోకే రాదు. గడప లోపల కాలు పెట్టిన మనిషి ఎవరైనా సరే, వాణ్ణి కుర్చీలో కూలేసి, పాటల పెట్టె మీద రికార్డు పెట్టి, "చెప్పు, ఇప్పుడేం జరుగుతోంది పాటలో?" అని అడుగుతాడు. వాడు ఏదో ఒకటి చెప్పగానే "ఊఁ, ఆపైన?" అంటాడు. రికార్డు రెండో వైపు అయిపోయేదాకా వాడికి విడుదల లేదు. అందుకే వీధిలో ఆయన అసలు పేరు పోయి 'ఆపైన మేస్త్రీ' అన్నదే మిగిలింది.

చెవులు పోవడం ఆయన తప్పు కాదు. ముప్పై ఏళ్ళు రైల్వే వర్క్‌షాపులో, బాయిలర్ లోపల కూర్చుని రివెట్లు కొట్టించాడు. పాటలంటే ప్రాణం. ఆ ప్రాణం అంచెలంచెలుగా పోయింది. ముందు ఫ్లూటు పోయింది. తర్వాత వయొలిన్‌లో పై మెట్లు. ఆ తర్వాత ఆడవాళ్ళ గొంతులు. చెప్పాపెట్టకుండా ఒక్కొక్కరే గదులు ఖాళీ చేసి వెళ్ళిన అద్దెవాళ్ళలాగా అందరూ వెళ్ళిపోయారు. చివరికి ఎడమ చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే మాట అందుతుంది, పాట మాత్రం అందదు. గోడ అవతల ఎవరో మంచం జరుపుతున్నట్టు ఉంటుందట, అంతే.

గ్యాస్ సిలిండర్ మోసుకొచ్చే మనిషి మొదటి బలి.

"ఒకావిడ పాడుతోందండీ."

"ఎలా పాడుతోంది?"

"నోటితోనేనండీ."

"ఊఁ, ఆపైన?"

"ఆపైన పక్కింట్లో ఇంకో సిలిండర్ ఇవ్వాలండీ!"

ఆ తర్వాత అతను సిలిండర్‌ను గేటు దగ్గర దించి, గంట కొట్టి, వెనక్కి చూడకుండా పరిగెత్తేవాడు. కరెంటు మీటరు చూసే ఆయన గోడ మీంచి మెడ చాచి, కనిపించిన అంకె రాసుకుని పోయేవాడు. మనిషన్నాక చావు తప్పదని నచ్చజెప్పడానికి వచ్చిన బీమా ఏజెంటు రెండు రికార్డుల తర్వాత చేతులు జోడించి, "నన్ను బతకనివ్వండి సార్" అని వెళ్ళిపోయాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదితే 'ఏం కొరుకుతున్నావు?' అన్నాడని సామెత. ఈయన మాత్రం ఎంత కొరికావు, రుచి ఎలా ఉంది, ఆపైన ఏం కొరుకుతావు అని కూడా అడుగుతాడని వీధిలో చెప్పుకునేవాళ్ళు.

ఆ ఇంట్లో శాశ్వత బలి మేస్త్రీ బావమరిది.

అతను గడియారాలు బాగుచేస్తాడు. ఒక మేడమెట్ల కింద, బీరువా అంత కొట్టు. భార్య పోయి నాలుగు నెలలైంది. ఒక్కడూ ఉంటే ఏమైపోతాడోనని అక్క వెళ్ళి ఒక బట్టల పెట్టెతో సహా తీసుకొచ్చేసింది. తింటాడు, కొట్టుకి వెళ్తాడు, వస్తాడు, గోడకేసి చూస్తాడు. మాట మాత్రం లేదు. కొట్టులో ఎవరైనా "ఎప్పుడిస్తారు?" అనడిగితే కాగితం ముక్క మీద 'గురువారం' అని రాసి చూపించేవాడు. ఆ గురువారాల కట్ట ఒకటి ముందే రాసిపెట్టుకున్నాడు. సోమవారం ఇవ్వగలిగిన గడియారం కూడా గురువారం దాకా ఆగాల్సిందే. సోమవారం అన్న కాగితం లేదు కాబట్టి.

అలాంటివాణ్ణి పట్టుకుని, వచ్చిన వారానికే మేస్త్రీ పెట్టె ముందు కూర్చోబెట్టాడు.

"చెప్పరా."

చాలాసేపటికి అతను బావ చెవి దగ్గర, "పాట" అన్నాడు.

"పాటల పెట్టె మీద పాట కాక పరుపు పెడతానా? ఎలా ఉంది?"

"బానే ఉంది."

"ఊఁ, ఆపైన?"

అతనికి ఏడుపొచ్చింది. సంగీతం అతనికి తెలియదు. ఫ్లూటుకీ ప్రెషర్ కుక్కర్‌కీ తేడా కూడా సరిగ్గా చెప్పలేడు. గదిలో తలుపేసుకుని ఒక్కడే ఏడుద్దామంటే ఆ తీరిక కూడా ఇవ్వని ఈ చెవిటి మనిషి ఎక్కడ దాపురించాడని తిట్టుకున్నాడు. కొట్టు ఆలస్యంగా మూశాడు. మేస్త్రీ అన్నం తినకుండా కూర్చున్నాడు. ఇతను తలనొప్పి అన్నాడు. "అయితే మెల్లగా పాడే రికార్డు పెడతాలే" అన్నాడు మేస్త్రీ.

తప్పించుకోలేక తనకు తెలిసిన మాటల్లోనే చెప్పడం మొదలుపెట్టాడు.

"వయొలిన్ వచ్చింది బావా."

"ఎలా వచ్చింది?"

"కీ ఇచ్చిన గడియారం ముందోసారి తడబడి, తర్వాత నడక అందుకున్నట్టు."

మేస్త్రీ తొడ మీద చరిచాడు. "అదీ! ఊఁ, ఆపైన?"

"ఆపైన డోలు వచ్చింది. పెద్దముల్లు చిన్నముల్లుని తరుముతున్నట్టుంది."

"అందిందా?"

"పన్నెండు దగ్గర అందింది."

ఇలా రోజుకో రికార్డు. కొట్టు నుంచి నడిచి వస్తూ దారిలో తెలియకుండానే మాటలు వెతుక్కుంటున్నాడు. ఇనుప షట్టరు దించిన చప్పుడు, బస్సు బ్రేకు కీచుమన్నది, ఎవరో మెట్ల మీద దగ్గిన దగ్గు, ఇవన్నీ దేనిలా ఉన్నాయో అనుకుంటూ ఇల్లు చేరేవాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఒక దిగులు పాట తిరుగుతోంది. మధ్యలో గొంతు ఆగింది.

"ఆగిపోయింది బావా" అన్నాడు. "ఊపిరి కోసం కాదు. తర్వాతి మాట అనడం ఇష్టం లేక."

"ఊఁ, ఆపైన?"

"ఆస్పత్రిలో ఆవిడ కూడా ఇలాగే ఆగింది."

ఆ మాటన్నాక ఆపుకోలేకపోయాడు. భార్య సంగతంతా చెప్పాడు. ఆ రోజు దువ్వెన అడిగిందట. దువ్వెన తేవడానికి ఇంటికి పరిగెత్తాడట. తిరిగి వచ్చేసరికి మంచం మీద దుప్పటి మార్చేశారట. తలొంచుకుని, పైకి వినిపించని గొంతుతో, రికార్డు అయిపోయి, సూది కింద ఊరికే గిరగిరా తిరుగుతున్నా చెబుతూనే ఉన్నాడు. అందులో ఒక్క ముక్క కూడా మేస్త్రీ చెవిన పడే అవకాశం లేదు. అయినా ఆయన ముందుకు వంగి కూర్చుని, మధ్యమధ్య సరిగ్గా ఎక్కడ అనాలో అక్కడే "ఊఁ, ఆపైన?" అంటూ వచ్చాడు.

మర్నాడు కొట్టులో ఒకాయన "ఎప్పుడిస్తారు?" అంటే, అతను నోటితోనే "రేపు రండి" అన్నాడు. ఆయన అదిరిపడ్డాడు.

ఇంతలో ఆస్పత్రి వాళ్ళు మేస్త్రీకి చెవిలో పెట్టుకునే మిషను ఇచ్చారు. "ఇది మాటల కోసం. పాటల సంగతి మాత్రం చెప్పలేను" అన్నాడు డాక్టరు. మేస్త్రీకి 'పాటల' దాకా వినబడింది. మిగతాది వినాలనిపించలేదు.

ఆదివారం పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్ళిచూపులకి కూర్చున్నట్టు పెట్టె ముందు కూర్చున్నాడు. అన్నిటికన్నా ఇష్టమైన రికార్డు తీశాడు. ఒక ఆడగొంతు, ఒక వయొలిన్, అంతే. ఆ గొంతు విని పదకొండేళ్ళయింది. మిషను చెవిలో పెట్టుకుని సూది దించాడు.

అక్కా తమ్ముడూ ఆయన మొహం చూస్తూ నిలబడ్డారు. ఆ మొహంలో ముందు ఆత్రం, తర్వాత అయోమయం, తర్వాత ఏమీ లేదు. అయినా రికార్డు ఒక వైపంతా విన్నాడు. పెద్దమనిషి ఇంటికొస్తే మధ్యలో లేవకూడదన్నట్టు కదలకుండా విన్నాడు. తర్వాత మిషను తీసి జేబులో పెట్టుకున్నాడు.

"ఆవిడకేమైందిరా?" అన్నాడు.

"ఏం కాలేదు బావా. బానే పాడుతోంది."

"లేదు. రేకుడబ్బాలో మేకులు పోసి ఊపుతోంది."

అక్కడితో ఆగినా బాగుండేది. సాయంత్రం వసారాలో కూర్చుని, ఎవరికీ కాకుండా గోడకి చెప్పినట్టు అన్నాడు. "కళ్ళు మూసుకున్నా ఇప్పుడదే వస్తోంది. ఇన్నాళ్ళూ బయటిది పోయినా లోపలిది ఉందనుకున్నా. అది కూడా పాడైపోయింది."

పెట్టె మీద దుప్పటి కప్పేశాడు. ఒక రోజు పోయింది, వారం పోయింది, మూడు వారాలు పోయాయి. మేస్త్రీ ఎవరినీ ఏమీ అడగలేదు. తింటాడు, కూర్చుంటాడు, గోడకేసి చూస్తాడు. గోడకి కొత్త మనిషి దొరికాడు.

బావమరిదికి ఇల్లు పీక్కుతింటున్నట్టుంది. వంటింట్లోకి వెళ్ళి, "అక్కా, బావచేత మళ్ళీ ఎలాగైనా అడిగించు. ఆయన ఇన్నేళ్ళ అలవాటు ఇలా ఉన్నట్టుండి మానేస్తే మనిషి ఏమైపోతాడు?" అన్నాడు.

అక్క గిన్నె తోముతూ ఆగింది. "ఇన్నేళ్ళ అలవాటా? ఎవరు చెప్పార్రా నీకు?"

"వీధంతా ఆయన్ని 'ఆపైన మేస్త్రీ' అనే అంటుంది కదా."

"నువ్వొచ్చాకే అంటోంది. అంతకుముందు ఆయన రికార్డు పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఒక్కడే కూర్చునేవాడు. మధ్యలో నేను పలకరించినా కసురుకునేవాడు. ఆ రికార్డులన్నీ ఆయనకి కంఠస్థం. సూది ఎక్కడుందో చూసి, ఏ ముక్క వస్తోందో చెప్పేస్తాడు. నీ వయొలిన్లూ నీ పెద్దముల్లూ ఎవడిక్కావాలి?"

"మరి నన్నెందుకు అడిగేవాడు?"

"నువ్వు నోరు విప్పట్లేదని. ఊరికే మాట్లాడమంటే మాట్లాడవుగా."

అతను తోమిన గిన్నె అందుకున్నాడు. తర్వాత అనుమానం వచ్చింది. "అయితే ఆ సిలిండర్ మనిషీ, బీమా ఆయనా..."

"నిన్నొక్కణ్ణే అడిగితే నీకు తెలిసిపోతుందట. అందుకని ఊరందరినీ అడగడం మొదలుపెట్టాడు" అంది అక్క. "నేను వద్దన్నాను. సిలిండర్ గేటు దగ్గర్నుంచి దొర్లించుకొచ్చేది నేనే కదా!"

అతనికి నవ్వొచ్చింది. నవ్వుతూనే గిన్నెలు కడిగే నీళ్ళతో మొహం కడుక్కున్నాడు. ఇన్నాళ్ళూ మేస్త్రీకి అక్కర్లేని మాటలు చెప్పాడు. ఇప్పుడు నిజంగా అక్కరొచ్చింది, ఆయన అడగడం లేదు.

మర్నాడు కొట్టు మూసి పాత సామాన్ల దుకాణానికి వెళ్ళాడు. బావకి కంఠస్థం వచ్చిన రికార్డులన్నీ మేకుల డబ్బాలయ్యాయి. కాబట్టి ఎప్పుడూ విననిది కావాలి. సంగీతం తెలియదు కనుక అట్ట చూసి కొన్నాడు. అట్ట మీద కొండలూ, సూర్యుడూ, చేతులు చాచిన ఒక మనిషీ ఉన్నారు. మంచి పాటగాడే అయ్యుంటాడనుకున్నాడు.

ఇంటికొచ్చి దుప్పటి లాగి, సూది దించి, బావ ఎడమ చెవి దగ్గర కూర్చున్నాడు. మేస్త్రీ "వద్దురా" అంటూ చెయ్యి ఊపాడు. బావమరిది వినిపించనట్టు ఊరుకున్నాడు.

పెట్టెలోంచి ఒక గంభీరమైన గొంతు వచ్చింది: "నిటారుగా నిలబడండి. చేతులు పైకెత్తండి. ఒకటి... రెండు... ఇప్పుడు నడుము వంచండి."

బావమరిదికి చెమటలు పట్టాయి. బావ మొహం చూశాడు. మూడు వారాల తర్వాత ఆ మొహం ఇటు తిరిగి ఉంది.

"మగగొంతు బావా" అన్నాడు తడుముకుంటూ. "నిదానంగా ఎక్కుతోంది. పైదాకా ఎక్కింది. ఇప్పుడు వంగుతోంది. అబ్బ, ఏం వంగుతోంది! వెనకాల వయొలిన్లు పదో పన్నెండో ఉంటాయి. అన్నీ కలిసి ఊపిరి పీలుస్తున్నాయి."

"మోకాళ్ళు ముడవండి" అంది పెట్టె. వంటింటి గుమ్మంలో అక్క ప్రత్యక్షమైంది. చీర కొంగు నోట్లో కుక్కుకుని, తలుపుకి ఆనుకుని, భుజాలు అదిరిపోతుండగా నిలబడింది.

"మొదటిసారి వింటున్నాన్రా ఇది" అన్నాడు మేస్త్రీ. కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి చెయ్యి చాచి, పెట్టె చెక్క మీద అరచెయ్యి ఆనించాడు. నుదురు ముడిపడింది.

"ఒరేయ్, డోలు మోగట్లేదేంటి? అది చేతికి తెలుస్తుందే!"

బావమరిది నుదుటి చెమట తుడుచుకున్నాడు.

"డోలాయన ఇవాళ సెలవు పెట్టాడు బావా."

మేస్త్రీ ఒక కన్ను తెరిచాడు. గుమ్మంలో మెలికలు తిరుగుతున్న పెళ్ళాన్ని చూశాడు, చెమటతో తడిసిన బావమరిదిని చూశాడు. మళ్ళీ కన్ను మూసుకుని కుర్చీలో వెనక్కి వాలాడు.

"పోనీలే, మనిషన్నాక ఒంట్లో బాగోకుండా ఉండదా" అన్నాడు. "నువ్వు కానీ."